నా దగ్గుకు పలికిన ధర

ఇది రాస్తున్న ఈ నిమిషాన నేను గాలి పీల్చుకుంటున్నాను, వదులుతున్నాను. ఇందులో వింతేముంది, గుంటూరు జిల్లాలో గొడ్డూ గోదా కూడా ఆ పనే చేస్తున్నాయి కదా అని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం ఇది విశేషమే. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఆవిడ సైదాబీ నా ముక్కు కింద వేలు పెట్టి చూసి, గాలి తగలక, వీధిలోకి కేక పెట్టింది. ఆ కేకకు మూడు వీధుల అవతల ఐస్ బండివాడు గంట కొట్టడం ఆపేశాడని చెబుతారు. చెప్పింది నేనే. కానీ ఆ వేలు మాత్రం నిజం.

ఉబ్బసం ఉన్నవాళ్ళూ, ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నవాళ్ళూ చదువుతారని రాస్తున్నాను. మిగిలినవాళ్ళు నవ్వుకోవడానికి చదివినా నాకు అభ్యంతరం లేదు. నవ్వడానికి ఎంత ఊపిరి ఖర్చవుతుందో మీకింకా తెలియదు కాబట్టి ధారాళంగా నవ్వండి.

మాది దూదేకుల ఇల్లు. మా తాత పరుపులకు దూది ఏకేవాడు. ఏకుతూ దగ్గేవాడు, దగ్గుతూ ఏకేవాడు. ఆయన పోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉందని మా నాన్న ఆ దగ్గు అందుకున్నాడు. నేను తెలివైనవాణ్ణి కదా, ఈ దూదీ వద్దు దుమ్మూ వద్దని మిరపకాయల వ్యాపారంలోకి వచ్చాను. పెనం మీంచి పొయ్యిలో పడటానికి అంత తెలివి అక్కర్లేదని తర్వాత తెలిసింది.

మిర్చి యార్డులో కోటేశ్వరరావు కమీషన్ కొట్టులో సరుకు చూడటం నా పని. మిరపకాయల బస్తాను మేం టిక్కీ అంటాం. టిక్కీ కుట్టు విప్పి, లోపలికి చెయ్యి దూర్చి ఒక కాయ తీసి, చిదిమి, అరచేతిలో నలిపి వాసన చూస్తాను. రంగు కన్ను చెబుతుంది, తేమ వేలు చెబుతుంది, ఘాటు మాత్రం ముక్కే చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా నా ముక్కు చెప్పింది చెప్పినట్టు జరిగేది. రేపోమాపో ఈ ముక్కుకు యార్డు గేటు దగ్గర విగ్రహం పెడతారని నేను నమ్మేవాణ్ణి.

అన్ని ఊళ్ళలోనూ దగ్గు జబ్బు. మా యార్డులో దగ్గు మెప్పు. కాయ నలిపినవాడు గట్టిగా దగ్గాడంటే సరుకులో పస ఉన్నట్టు. కొనేవాడు తుమ్మితే అమ్మేవాడు మీసం దువ్వుతాడు. అందుకే నాకు ఉబ్బసం మొదలైనప్పుడు ఎవరూ భయపడలేదు, సంతోషించారు. దర్శి వైపు నుంచి వచ్చే రైతులు నాకు టీ తాగించి మరీ టిక్కీ ముందు కూర్చోబెట్టేవాళ్ళు.

"మస్తానన్నా, ఒక్కసారి దగ్గన్నా. షావుకారు చూస్తన్నాడు."

నేను దగ్గేవాణ్ణి. దగ్గితే ఆగేది కాదు. మెడ నరాలు ములక్కాడల్లా లేచేవి, కళ్ళు ఆ టిక్కీలోని కాయలకన్నా ఎర్రబడేవి. కోటేశ్వరరావు నా వీపు మీద చరిచి చుట్టూ ఉన్నవాళ్ళతో అనేవాడు, "చూశార్రా? మా మస్తాను దగ్గితే అది ఘాటైన తేజ కాయే! ఇంక మాట్లాడేదేం లేదు, వెయ్యండి పాట!"

చిన్నప్పటి నుంచీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునే మనుషులం మేమిద్దరం. నా దగ్గుకు మార్కెట్లో మంచి ధర పలుకుతోందని వాడు సరదాగా అనేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు చివర సన్నగా పిల్లికూత వినిపించేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ కథంతా దాని మీదే ఉంది. ఆ వేసవికి ముందు ఏడాదే నా ముక్కు చచ్చిపోయింది. ఒకరోజు సైదాబీ బిర్యానీ పొయ్యి మీద పెట్టి, మూత తీసి, "ఎట్టా ఉంది వాసన?" అంది. నాకేమీ తెలియలేదు. వేడినీళ్ళ ఆవిరికీ బిర్యానీ ఆవిరికీ తేడా లేదు. జలుబనుకున్నాను. ఆ జలుబు వెళ్ళలేదు, వాసన రాలేదు. యార్డులో కాయ నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే నా అరచేతిలో ఉన్నది మిరపకాయో మట్టిబెడ్డో ముక్కుకు పట్టేది కాదు. కానీ గొంతు మండేది, ఛాతీ బిగిసేది, దగ్గు వచ్చేది. నేను దగ్గును బట్టే ఘాటు చెప్పేవాణ్ణి. ముక్కు చేయాల్సిన కొలువు నా ఊపిరితిత్తులు చేశాయి.

ఎవరికీ చెప్పలేదు. కంటిచూపు పోయిన కంసాలి ఎవరికి చెప్పుకుంటాడు? ముక్కు పోయిందని తెలిస్తే యార్డులో నాకు మిగిలేది టిక్కీలు మోసే పనే. దానికి ఊపిరి కావాలి. అదీ లేదు.

ఆ వేసవికి ముందు ఫిబ్రవరిలో, యార్డు ఎర్రసముద్రంలా ఉన్న రోజుల్లో, మందుల షాపువాడు నాకొక నీలం పంపు ఇచ్చాడు. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకోమన్నాడు. నేను నోరు తెరిచి నాలుక మీద చిమ్ముకుని, చప్పరించి, మింగేవాణ్ణి. కొంచెం లోపలికి పోయేది కాబోలు, కాసేపు తేలికపడేది. మళ్ళీ కొట్టేవాణ్ణి. యార్డులో ఎవరైనా చూస్తారని మరుగుదొడ్డిలోకి పోయి కొట్టేవాణ్ణి. యార్డు మరుగుదొడ్డిలో గట్టిగా గాలి పీల్చగలిగిన మొనగాణ్ణి రాష్ట్రంలో నేనొక్కణ్ణే. ముక్కు చచ్చినందుకు దక్కిన లాభం అదొక్కటే.

డాక్టరు దగ్గరకు పోదామని సైదాబీ పోరింది. "పంపు అలవాటైతే చచ్చేదాకా వదలదంట," అన్నాను.

"ఊపిరి మాత్రం? అది చచ్చేదాకా వదిలిద్దా?" అంది. మా ఆవిడకు నాకన్నా హాస్యం ఎక్కువ. దాన్ని తిట్ల కిందే వాడుతుంది.

ఏప్రిల్ చివర ఎండలకు సరుకు శీతల గిడ్డంగికి చేర్చేటప్పుడు నేనూ లోపలికి వెళ్ళాను. బయట నిప్పుల కొలిమి, లోపల మంచుకొండ. నాలుగు అడుగులు వేశానో లేదో ఎవరో నా ఛాతీ చుట్టూ టిక్కీ కుట్టే పురికొస చుట్టి బిగించినట్టయింది. అక్కడే కూలబడ్డాను. ఊరి ఆసుపత్రిలో ఆక్సిజనూ, ఆవిరి మందూ, సూదులూ ఇచ్చి కొన్నాళ్ళకు ఇంటికి పంపారు. పంపేటప్పుడు పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకోమన్నారు. చూపించుకుందాంలే, ముందు ఒళ్ళు కుదుటపడనీ అనుకున్నాను. అంతలో కనిగిరి నుంచి మా అత్త హుస్సేనమ్మ బస్సు దిగింది.

మా అత్త గురించి ఒక్క మాట. ఆవిడ కొంగు ముడిలో ఒక నశ్యం డబ్బీ ఉంటుంది. పొగాకు పొడి ముక్కులోకి ఎక్కిస్తే ఆవిడ తల తిరగదు, భూగోళమే ఒకసారి ఆగి మళ్ళీ తిరుగుతుంది. నలభై ఏళ్ళ నశ్యానికి ఆవిడ ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఇంటి పక్కన గొడ్డు చచ్చి వారమైనా ఆవిడకు తెలియదు.

నన్ను చూసి నోరు నొక్కుకుంది. "అల్లుడికి ఎంత దిష్టి కొట్టిందే! యార్డంతా ఈయన దగ్గు మీదే కళ్ళేసింది!"

సైదాబీ మందులకని షాపుకు వెళ్ళింది. బయట వడగాలి కొడుతోందని తలుపులూ కిటికీలూ మూసి ఉన్నాయి. అత్త బొగ్గుల కుంపటి వెలిగించి నడవలో పెట్టింది. గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుంది. ఆ కాయలు నేనే ఏరి ఇంటికి తెచ్చినవి, యార్డులోకెల్లా మేలురకం. నా చావుకు కూడా నాసిరకం సరుకు వాడే ఇల్లు కాదు మాది.

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, షావుకార్ల దిష్టి…" అంటూ నా తల చుట్టూ తిప్పి కుంపట్లో వేసింది.

దీనికి మా దగ్గర ఒక లెక్క ఉంది, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటు కొట్టి అందరూ దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాలేదంటే దిష్టంతా ఆ కాయలు లాగేసుకున్నట్టు. ఎంత తక్కువ ఘాటు వస్తే అంత పెద్ద దిష్టి.

అత్త కుంపటి మీదికి వంగి చూసింది. ఆవిడ ముక్కుకు ఏమీ తగల్లేదు.

"ఘాటు వస్తందా అల్లుడూ?"

నేను పీల్చి చూశాను. నా ముక్కుకూ ఏమీ తగల్లేదు. దగ్గొచ్చింది గానీ, అది నాకు రోజూ ఉండేదే.

"రావట్లేదత్తా."

"యా అల్లా! ఎంత దిష్టో చూడు!" అని ఇంకో గుప్పెడు వేసింది.

ముక్కు లేని ఇద్దరం, మూసిన నడవలో, పొగ లేస్తున్న కుంపటికి అటూ ఇటూ కూర్చుని, ఘాటు రాలేదని తీర్మానించుకున్నాం. ఆవిడకు దగ్గొచ్చింది, నశ్యం దగ్గనుకుంది. కళ్ళు మండాయి. అల్లుడి మీద బెంగతో కన్నీళ్ళు వస్తున్నాయనుకుంది. ఇంకో గుప్పెడు వేసింది.

తర్వాతి సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గాలి లోపలికి పోయింది, బయటికి రాలేదు. ఇది అనుభవించనివాళ్ళకు చెప్పడం కష్టం. ఉబ్బసమంటే గాలి దొరకకపోవడమని అందరూ అనుకుంటారు. లోపల నిండిన గాలి బయటికి పోక, కొత్త గాలికి చోటు లేక, నిండు కుండ నీళ్ళలో మునిగినట్టు ఉంటుంది. "అత్తా" అనబోయాను. ఒక్క మాటకు సరిపడా గాలి నా దగ్గర లేదు. ఇంటి పైకప్పుకు ఒక బల్లి అతుక్కుని ఉంది. దాని పొట్ట లోపలికీ బయటికీ ఆడుతోంది. నాకు దాని మీద అసూయ కలిగింది. నిజం చెబుతున్నాను, ఇందులో పెంచి చెప్పిందేమీ లేదు.

సైదాబీ మలుపులోనే దగ్గడం మొదలుపెట్టిందట. మా ఇంట్లోంచి వచ్చే ఘాటుకు వీధంతా దగ్గుతోందట. ఆమె తలుపు తోసి, కుంపటి కాలితో తన్ని, నన్ను వాకిట్లోకి ఈడ్చింది. అప్పుడే ఆ వేలు, ఆ కేక.

నన్ను పలకరించడానికి బత్తాయిలు పట్టుకుని వస్తున్న కోటేశ్వరరావు ఆ కేక విని కారు తెచ్చాడు. వెనక సీట్లో సైదాబీ ఒడిలో నా తల. దారిలో నా పిల్లికూతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాడు అద్దంలో చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, కూతలు ఆగినయ్ వదినా. సర్దుకున్నట్టుంది."

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టింది. అటు పెట్టింది, ఇటు పెట్టింది. ఆమె ముఖం మారిపోయింది. ఒక్కసారిగా అందరూ పరుగులు పెట్టారు. ఆ తర్వాత ఆమె సైదాబీతో చెప్పిందట: "కూత వస్తుంటే గాలి ఆడుతున్నట్టమ్మా. ఇలాంటి స్థితిలో కూత ఆగిందంటే, కూయడానికి కూడా గాలి లేదని. ఇంకాస్త ఆలస్యమైతే మేం కూడా ఏమీ చేయలేకపోయేవాళ్ళం."

ఈ ఒక్క ముక్కా గుర్తు పెట్టుకోండి. మిగిలినదంతా నా వాగుడనుకుని వదిలేసినా ఫరవాలేదు.

బతికి బయటపడ్డాక, మంచం మీద లేచి కూర్చోగలిగిన రోజున డాక్టరమ్మ వచ్చి జరిగిందేమిటని అడిగింది. సైదాబీ దిష్టి సంగతి చెప్పింది. కోటేశ్వరరావు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అంత మిరప పొగలో కూర్చుని ఘాటు రాలేదన్నారా?" అంది డాక్టరమ్మ. "మస్తాన్ గారూ, మీకు వాసన తెలియడం లేదా? ఎన్నాళ్ళ నుంచి?"

నేను కోటేశ్వరరావు వైపు చూశాను. నా తిండి ఆ గోడకు ఆనుకుని ఉంది. జలుబమ్మా అని చెబితే సరిపోయేది. సైదాబీ నా చేయి పట్టుకుంది. ఓదార్పుకు కాదు, గిల్లడానికి.

"ఏడాది దాటింది," అన్నాను.

 కోటేశ్వరరావు గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. "అంటే ఏందిరా… ఏడాది నుంచి నీ దగ్గుతోనా నేను సరుకు అమ్మింది?"

"నువ్వే అన్నావు కదరా, మంచి ధర పలుకుతోందని."

వాడు నవ్వలేదు. బయటికి వెళ్ళిపోయాడు. తలుపు అద్దంలోంచి చూస్తే వరండాలో బెంచీ మీద కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు. నా పని పోయిందనుకున్నాను. చాలాసేపటికి లోపలికి వచ్చి బత్తాయి వలవడం మొదలుపెట్టాడు. "నీ వీపు చరిచి చరిచి దగ్గించా గదరా," అన్నాడు. అంతే. ఆ బత్తాయి మొత్తం నలిపి పారేశాడు, తినిపించింది లేదు.

ఆ ఒక్క జవాబుతో నా వైద్యం దారి మారింది. ముక్కులో కండలు పెరిగాయి, వాసన అందుకే పోయింది. రక్తంలో ఒక రకం కణాలు అతిగా ఉన్నాయి, అవే ముక్కులోనూ ఊపిరితిత్తుల్లోనూ వాపు తెస్తున్నాయి. మామూలు ఉబ్బసం కాదు, తీవ్రమైనది. కానీ అలా తేల్చే ముందు డాక్టరమ్మ నన్ను పంపు కొట్టి చూపించమంది. నేను నాలుక మీద చిమ్మి చప్పరించాను. ఆమె కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత కొత్తగా బడిలో వేశారు. ప్లాస్టిక్ గొట్టానికి పంపు తగిలించి, నెమ్మదిగా పీల్చి, పట్టి ఉంచి, వదిలి, నోరు పుక్కిలించాలి. నీలం పంపు మంట అంటుకున్నప్పుడు ఆర్పేదట. అసలు మంట అంటుకోకుండా చూసేది ఇంకో పంపు, బాగున్నా బాగాలేకున్నా రోజూ పీల్చాలట. ఇల్లంతా సోదా చేశారు. తాత ఏకిన దూది పరుపు పోయింది. సాంబ్రాణి పోయింది. ఒళ్ళు నొప్పులకు నేను వేసుకునే మాత్ర నాలాంటి ముక్కున్నవాళ్ళలో కొందరికి పడదని అదీ మాన్పించారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పొగ, పత్తి మిల్లు నూగు, చల్లగాలి, అన్నీ శత్రువులే. మా జిల్లాల్లో నాకు పడని వస్తువులు తీసేస్తే మిగిలేది జిల్లా పేరు రాసిన బోర్డు.

స్టెరాయిడ్ మాత్రలు నన్ను బతికించాయి, ముఖాన్ని గుమ్మడికాయ చేశాయి, షుగరు తెచ్చిపెట్టాయి. వాటిమీదే ఎల్లకాలం నడవలేమని, నా రక్తపరీక్షలు చూసి, నెలకొకసారి చర్మం కింద వేసే కొత్త రకం సూది మందు మొదలుపెట్టారు. ఇది అందరికీ కుదరదు, జబ్బును నయం చేయదు, పంపులు మానకూడదు అని డాక్టరమ్మ ముందే చెప్పింది.

జూన్ నుంచి నెలనెలా ఆ వరండాలో కూర్చున్నాను. అక్కడే బ్రహ్మయ్య పరిచయమయ్యాడు. చీమకుర్తిలో రాళ్ళు కోసే యూనిట్‌లో పనిచేసిన మనిషి. నాకన్నా చిన్నవాడు, మా నాన్నలా కనిపించేవాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, నన్ను చూడగానే లేచి ఆ కుర్చీ ఇచ్చేవాడు.

"కూచో అన్నా. పెదాలు సున్నా చుట్టు. వేడి టీ ఊదినట్టు నెమ్మదిగా ఊదు. తొందరేం లేదు."

మాటకూ మాటకూ మధ్య తానే ఆగి ఊదుకునేవాడు. ఒకసారి నా సూది గురించి అడిగాడు. "నాకది పనికిరాదంట అన్నా. మాది రాతిపొడి జబ్బంట, లోపలంతా గట్టిపడిందంట. నీది తగ్గిద్ది. నువ్వు అదృష్టవంతుడివి." ఉబ్బసం రోగిని అదృష్టవంతుడన్నవాణ్ణి నేను అతన్నే చూశాను. ఏదైనా జోకు వెయ్యాలని చూశాను. దొరకలేదు.

సెప్టెంబరులో కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అక్టోబరులోనూ ఖాళీగానే ఉంది. వరండాలో జనం నిలబడి ఉన్నా నేను ఆ కుర్చీలో కూర్చోలేదు.

కోటేశ్వరరావు నన్ను తీసెయ్యలేదు. యార్డుకు దూరంగా, ఊళ్ళో ఉన్న వాడి గదిలో ఫోన్లు మాట్లాడే పని ఇచ్చాడు. యార్డు వంక చూడొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇప్పుడు సరుకు వేరేవాడు చూస్తున్నాడు. అతను దగ్గినప్పుడల్లా కోటేశ్వరరావు అతన్ని బయటికి పంపి మాస్కు పెట్టుకుని రమ్మంటున్నాడట. రైతులు గొణుగుతున్నారట, మస్తానున్నప్పుడే నయమని.

మా అత్త ఆ మధ్యాహ్నం తర్వాత మా గడప తొక్కలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, నేను బతుకుతానని చెప్పాకే కనిగిరి బస్సెక్కింది. ఫోను చేస్తే సైదాబీతో మాట్లాడేది, నాకివ్వబోతే పెట్టేసేది. నశ్యం మానేస్తానని ఒట్టు వేసుకుందని మాత్రం తెలిసింది. ఆ ముక్కు బతికుంటే అల్లుడికి ఆ గతి పట్టేది కాదని ఊరంతా చెప్పుకుని ఏడ్చిందట.

నవంబరులో ఒక పొద్దున సైదాబీ బతిమాలి పిలిపించింది. అత్త వచ్చింది గానీ లోపలికి రాలేదు. గుమ్మం అవతల అరుగు మీద ముడుచుకుని కూర్చుంది. సగమైపోయింది మనిషి. నేను నడవలో కుర్చీలో ఉన్నాను. ఇద్దరి మధ్య ఆ వేసవిలో కుంపటి పెట్టిన చోటు ఉంది, బండ మీద నల్లటి మచ్చతో సహా.

"బాగున్నావా అల్లుడూ," అంది, నేల వైపు చూస్తూ.

బదులు చెప్పబోయాను. గాలి అటునుంచి ఇటు తిరిగింది. ముక్కులో ఏదో గుచ్చినట్టయింది. సన్నగా, చేదుగా, పాతగా. అదేమిటో నాకు వెంటనే తెలియలేదు. ఏడాదిన్నరగా నా ముక్కు పలకలేదు. ఆపుకోలేక ఒక తుమ్ము తుమ్మాను.

"అత్తా, నశ్యం మానలేదు కదూ?"

ఆవిడ ఉలిక్కిపడింది. "ఒట్టు! ఎప్పుడో మానేశా!"

"కొంగు ముడిలో ఉంది."

ఆవిడ చెయ్యి కొంగు మీదికి పోయింది.  దొరికిపోయినందుకు కాదు, నా ముక్కుకు వాసన తెలిసిందని ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. ముడి విప్పి, డబ్బీ తీసి, మూత కొద్దిగా తెరిచి, గుమ్మం అవతలే దూరంగా పట్టుకుంది.

"వస్తందా అల్లుడూ?"

"వస్తందత్తా."

ఆవిడ మూత బిగించింది. లేచి, వీధి కొళాయి దగ్గరికి పోయి, డబ్బీ కాలువలోకి విసిరేసి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. చాలాసేపు కడుక్కుంది. కడుక్కున్నాక వాసన చూసుకుంది. ఆవిడ ముక్కుకు ఏం తెలుస్తుంది? అందుకని గుమ్మం దాకా వచ్చి, తడి చేతులు రెండూ నా వైపు చాచి నిలబడింది, లోపలికి రావచ్చో లేదో నేను చెప్పాలని.